వీపున మోసే ఇల్లు

మోటారు వెళ్లే దారి ఆగిపోయిన చోట మొదలై రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగే కాలినడక యాత్రలో కూడు, గుడ్డ, గూడు మూడూ నడిచే మనిషి వీపు మీదే ఉండక తప్పదు. దారిలో అంగడి కనిపించదు, మూట మోసిపెట్టే కూలీ దొరకడు, మరిచిపోయిన వస్తువు కోసం వెనుదిరిగే వీలూ ఉండదు. బ్యాక్‌ప్యాకింగ్ అనే పేరుతో అమెరికాలో బాగా వేళ్లూనుకున్న ఈ యాత్రారీతిలో సుమారు 140 ఏళ్లుగా తెగని వాదం ఒక్కటే ఉంది: సంచిలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు. దూరపు కొండలు నునుపు కాబట్టి, ఇంటి దగ్గర మూటాముల్లె సర్దుకునేటప్పుడు ప్రతి వస్తువూ అవసరమే అనిపిస్తుంది. ఎత్తు ఎక్కడం మొదలైన గంటకే వాటిలో సగం శత్రువులవుతాయి. అలాగని సంచిని ఖాళీ చేసుకుంటూ పోవడమే నేర్పు అనుకున్నవాడికి అంతకంటే పెద్ద ముప్పు రాత్రివేళ ఎదురవుతుంది. తేలికపాటి సామగ్రిని పొగిడేవాళ్లలో చాలామంది మొదటి సంగతిని విస్తారంగా చెప్పి, రెండోదాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు.

ఈ చర్చలో తరచుగా వినిపించే మాట బేస్ వెయిట్. దారిలో తరిగిపోయే తిండి, నీళ్లు, ఇంధనం మినహాయిస్తే, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మారకుండా ఉండే సామగ్రి బరువును అలా పిలుస్తారు. ఇది 9 కిలోల లోపు ఉంటే లైట్‌వెయిట్ అనీ, 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్ అనీ చెప్పడం వాడుకలో ఉంది. ఇరవై పౌన్లు, పది పౌన్లు అనే గుండు అంకెలను కిలోల్లోకి మార్చగా వచ్చిన హద్దులే ఇవి, మనిషి వెన్నెముకను పరీక్షించి ఎవరూ తేల్చినవి కావు. పైగా ఈ లెక్కలో ఒక మాయ కూడా ఉంది. లీటరు నీళ్లంటే ఒక కిలో. ఒక మనిషి రోజుకు తినే పొడి ఆహారం సుమారు 700 నుంచి 900 గ్రాములు. కాబట్టి ఆరు రోజుల తిండితో, మూడు లీటర్ల నీళ్లతో బయలుదేరేవాడి వీపున, బేస్ వెయిట్ ఎంత ఉన్నా, మరో ఏడెనిమిది కిలోలు వచ్చి చేరతాయి. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసి నాలుగైదు గ్రాములు మిగిల్చుకునే వాళ్లు, తర్వాతి వాగు ఎంత దూరంలో ఉందో పటంలో చూసుకుని ఒక లీటరు నీళ్లు తగ్గించుకోవడం మాత్రం మరిచిపోతుంటారు. తిండి విషయంలోనూ గ్రాముకు ఎంత శక్తి వస్తుందన్నదే అసలు ప్రశ్న: నూనె, నెయ్యి గ్రాముకు 9 కేలరీలు ఇస్తే, వేరుశనగ పప్పు ఆరుకు దగ్గరగా, బియ్యం సుమారు మూడున్నర ఇస్తాయి. అమెరికా కొండల్లో తిరిగే తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. నానితే చాలు తినగలిగే అటుకులు, కాస్త కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి వెంట ఉంటే ఇంధనమూ కలిసివస్తుంది, ఖరీదైన పొట్లాల భోజనం అవసరమూ తప్పుతుంది.

తేలికగా నడవాలన్న ఆలోచన తొలుత దుర్బలమైన శరీరాల నుంచి పుట్టిందన్నది గమనించదగ్గ విషయం. నెస్‌మక్ అనే కలంపేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ బక్కపలచటి మనిషి, పైగా క్షయరోగి. అరవై ఏళ్లు దాటిన ఆయన న్యూయార్క్ రాష్ట్రపు ఆడిరాండాక్ సరస్సుల్లో ఒంటరిగా తిరగడానికి, ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు తానే భుజాన మోసుకుపోగల పడవ కావాలని అడిగితే, హెన్రీ రష్టన్ అనే పడవల నిర్మాత 1883లో ఐదు కిలోలైనా తూగని పడవను తయారుచేసి ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాది వెలువడిన ఆయన పుస్తకం ‘వుడ్‌క్రాఫ్ట్’ ఈ సంప్రదాయానికి మూలగ్రంథంగా నిలిచింది.

అయితే ఈ సంప్రదాయంలో అందరూ చెప్పుకునే పేరు ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఈ రైతు గృహిణి, పదకొండుమంది బిడ్డల తల్లి, 1955లో తన 67వ ఏట, జార్జియా నుంచి మేన్ దాకా కొండల వెంట సాగే అపలాచియన్ ట్రెయిల్ అనే సుమారు 3,300 కిలోమీటర్ల కాలిబాటను ఒకే యాత్రలో ఒంటరిగా పూర్తిచేసిన తొలి మహిళ అయింది. ఆమె సామగ్రిని దగ్గరగా చూడడం అవసరం. జీన్ గుడ్డతో స్వయంగా కుట్టుకున్న సంచి, దానికి వీపుకు కట్టుకునే పట్టీలు కూడా లేవు, ఒక భుజాన వేసుకోవడమే; లోపల ఒక దుప్పటి, ఒక వానకోటు, నేల మీద పరుచుకోవడానికీ తల మీద కప్పుకోవడానికీ పనికివచ్చే స్నానాలగది ప్లాస్టిక్ తెర; కాళ్లకు మామూలు కాన్వాసు బూట్లు. గుడారం, నిద్రసంచి, పొయ్యి వంటివేవీ లేవు. ఎండుద్రాక్ష, వేరుశనగలు, డబ్బా సాసేజీల వంటి తిండితో, దారిపక్కన దొరికే తినదగిన ఆకులతో, పళ్లతో ఆమె రోజులు వెళ్లదీసింది.

ఈ జాబితాను చూపించి, గుడారం కొనడం దండగని వాదించేవాళ్లు ఒక సంగతిని గాలికి వదిలేస్తారు. గేట్‌వుడ్ వసంతం చివర బయలుదేరి సెప్టెంబరులో గమ్యం చేరింది. ఆ బాట పొడవునా యాత్రికుల కోసం కట్టిన మూడు గోడల చెక్క పాకలు అక్కడక్కడా ఉన్నాయి, కొండ దిగితే పల్లెలు, పొలాలు, తలుపు తడితే ఇంటి వసారాలో పడుకోనిచ్చే మనుషులు ఉన్నారు. ఇవాళ ఆ బాట మీద అలాంటి పాకలు 250కి పైగా ఉన్నాయి. అంటే ఆమె మోయని గుడారాన్ని ఆ కొండల మీది జనం కట్టి ఉంచారు. ఆమె మోయని మిగతా బరువును పల్లెటూరి బతుకులో ఆమె నేర్చుకున్న పనులు మోశాయి. అదే తెరతో, అదే దుప్పటితో ఎవరైనా మే నెలలో కాలిఫోర్నియా సియెర్రా పర్వతాల మంచు మీదికి వెళితే, దాన్ని తెలివితక్కువతనం అనడానికి వెనుకాడనక్కరలేదు.

గేట్‌వుడ్‌ది అనుభవం నేర్పిన తేలిక అయితే, రే జార్డిన్‌ది లెక్క కట్టి సాధించిన తేలిక. వృత్తిరీత్యా అంతరిక్ష సాంకేతిక ఇంజనీరు అయిన ఆయన, రాతి పగుళ్లలో బిగుసుకుని కొండలెక్కేవాళ్లను కాపాడే ఫ్రెండ్స్ అనే పరికరాన్ని 1970ల్లో రూపొందించి ముందే పేరు తెచ్చుకున్నాడు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే సుమారు 4,270 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద నడిచేవాళ్ల కోసం 1992లో ఆయన రాసిన చేతిపుస్తకం అప్పటి అలవాట్లను తలకిందులు చేసింది. ఆ వాదంలోని సారం ఏమిటంటే, బరువు ఒంటరిగా ఉండదు, ఒకటి ఇంకోదాన్ని వెంటబెట్టుకు వస్తుంది: గుడారమూ నిద్రసంచీ బరువుగా ఉంటే వాటిని మోయడానికి లోహపు చట్రమున్న పెద్ద సంచి కావాలి, ఆ సంచిని మోస్తూ నడవడానికి చీలమండను పట్టి ఉంచే తోలుబూట్లు కావాలి, ఆ బూట్లతో అడుగు తీసి అడుగు వేయడానికి ఇంకా శక్తి, అంటే ఇంకా తిండి కావాలి. పాదాలకున్న బరువు వీపున ఉన్న అదే బరువుకంటే అనేక రెట్లు ఎక్కువ శక్తిని తింటుందని సైన్యాలు కూడా చాలాకాలం కిందటే గుర్తించాయి. కాబట్టి తగ్గించుకోవడం మొదలుపెడితే పెద్ద వస్తువుల దగ్గరే మొదలుపెట్టాలి. సంచి, గుడారం, పడక అనే మూడింటినీ బిగ్ త్రీ అని ప్రత్యేకంగా పిలవడానికి కారణం ఇదే.

జార్డిన్ ప్రచారంలోకి తెచ్చిన బొంత కథ ఈ ఆలోచనకు చక్కని నిదర్శనం. మంచి నిద్రసంచుల్లో బాతు రొమ్ముకింద ఉండే డౌన్ అనే మెత్తని నూగు నింపుతారు. మేలురకం నూగు 28 గ్రాములు ఉంటే సుమారు 13 లీటర్ల చోటును నింపి, అందులోని గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది, ఆ నిశ్చలమైన గాలే వెచ్చదనం ఇస్తుంది. కానీ మనిషి సంచిలో పడుకోగానే వీపు కింది నూగు అణిగిపోయి, గాలి పట్టదు, వెచ్చదనం ఇవ్వదు. కింద నుంచి కాపాడేది నేల మీద పరిచిన ఫోమ్ చాపే. అటువంటప్పుడు ఆ సగభాగాన్ని మోయడం దేనికని అడిగి, పైభాగం మాత్రమే ఉంచి, పాదాల దగ్గర గూడులా కుట్టి, మిగతాది బొంతలా కప్పుకుంటే సరిపోతుందని ఆయన తేల్చాడు. వెచ్చదనం పెద్దగా తగ్గకుండానే బరువు తగ్గింది. ఇలాంటి తగ్గింపులో నష్టం దాదాపు లేదు, ఎందుకంటే ఇక్కడ తీసేసింది పనిచేయని భాగాన్ని.

డబ్బు పెట్టి కొనే తేలిక సంగతి వేరు. నైలాన్ గుడ్డకు సిలికాన్ పట్టించి చేసే సిల్‌నైలాన్ చదరపు మీటరుకు సుమారు 45 గ్రాములు తూగితే, పందెపు పడవల తెరచాపల కోసం పుట్టిన డైనీమా కాంపోజిట్ రకాలు 20 గ్రాముల లోపు కూడా దొరుకుతాయి. ధర మాత్రం అనేక రెట్లు. సిల్‌నైలాన్ తడిస్తే సాగి, గుడారం రాత్రిపూట వేలాడుతుంది, లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. డైనీమా సాగదు కానీ రాపిడికి త్వరగా అరుగుతుంది. టైటానియం గిన్నెల మోజు మరీ విచిత్రం: ఆ లోహం అల్యూమినియంకంటే సాంద్రమైనదే అయినా గట్టిదనం వల్ల పలుచగా చేయవచ్చు, నీళ్లు మరిగించడానికి బాగానే ఉంటుంది, కానీ వేడి మంట తగిలే చోటే ఉండిపోవడంతో ఉప్మా చేద్దామనుకునేవాడికి అడుగంటడం ఖాయం.

అసలు పరీక్ష తడి. బాతునూగు తడిస్తే ఉబ్బు పోయి ముద్దవుతుంది, కృత్రిమ నార కొంచెం బరువెక్కువైనా తడిలో కొంతైనా వెచ్చదనం నిలుపుతుంది, నూలు బట్ట నీళ్లు పీల్చుకుని తడిసి మోపెడవుతుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి, గడ్డకట్టే చలి లేకపోయినా, నాలుగైదు డిగ్రీల చలిలో వాన, గాలి కలిస్తే చాలు, శరీరపు లోపలి వేడి 35 డిగ్రీలకంటే దిగజారే హైపోథెర్మియా అనే స్థితి రావచ్చు. అందులో ముందుగా దెబ్బతినేది చేతివేళ్ల పట్టు, ఆ వెంటనే ఆలోచన. అందుకే ఒక జత పొడి ఉన్నిబట్టలు నీళ్లు చొరబడని సంచిలో కట్టి, పడుకునేందుకు మాత్రమే ఉంచుకునేవాళ్లు బరువు లెక్క తెలియనివాళ్లేమీ కారు.

కొన్ని బరువులు చట్టమే మోయిస్తుంది. యోసెమిటీ నేషనల్ పార్కు అడవిలో రాత్రి గడిపేవాళ్లు తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో దాచాలి, అది ఒక కిలో దాకా తూగుతుంది, తిట్టుకుంటూనైనా మోయాలి. ఇంకొన్ని బరువులను ఎవరూ మోయించరు, అక్కడే ప్రమాదం. సియాటిల్ నగరపు ది మౌంటెనీర్స్ అనే పర్వతారోహకుల సంఘం 1930ల్లో రూపొందించిన పది అత్యవసర వస్తువుల జాబితాలో పటం, దిక్సూచి ఉన్నాయి. 1992 ఏప్రిల్‌లో అలాస్కా అడవిలోకి నడిచిన క్రిస్టఫర్ మెకాండ్‌లెస్ అనే యువకుడు 4.5 కిలోల బియ్యం, తుపాకీ, కొన్ని పుస్తకాలు మోసుకెళ్లాడు గాని భూభాగపు వివరాలు చూపే పటం తీసుకెళ్లలేదు. జూలైలో తిరిగి వద్దామంటే టెక్లనికా నది పొంగి దారి మూసేసింది. అక్కడికి కిలోమీటరు లోపే నది దాటడానికి తీగ మీద నడిచే తొట్టి ఒకటి ఉందని అతనికి తెలియదు. ఆగస్టులో అతను మరణించాడు. పటం బరువు వంద గ్రాములైనా ఉండదు.

కాబట్టి కొత్తగా ఈ దారి పట్టేవాళ్లు ముందుగా కొనవలసింది వంటింటి త్రాసు. ఉన్నవన్నీ తూచి, ప్రతి వస్తువూ వెళ్లబోయే చోట వచ్చే అతి చెడ్డ రాత్రికి ఏ పని చేస్తుందో రాసుకుని, ఏ పనీ లేనిదాన్ని ఇంట్లో వదిలి, ఆ తర్వాతే అంగడికి వెళ్లాలి. కొన్న గుడారంలో ఒక వానరాత్రి పెరట్లో పడుకుని చూడాలి. అమెరికాలో స్థిరపడి హిమాలయ యాత్రకు వచ్చే తెలుగువాళ్లు ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి. ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపే వంద గ్రాముల పరికరం అమెరికా కొండల్లో ప్రాణరక్షకమే గాని, ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని భారతదేశంలోకి తేవడం నేరం, విమానాశ్రయాల్లో కేసుల్లో చిక్కుకున్న విదేశీ యాత్రికులు ఉన్నారు. ముందుగా అనుమతి తీసుకోలేకపోతే దాన్ని అమెరికాలోనే వదిలి రావాలి.