బడి కమిటీలో మా వదిన

2024 ఆగస్టులో ఆంధ్రాలో బడి కమిటీ ఎన్నికలు జరిగినప్పుడు మా వదిన నాలుగో తరగతి తల్లిదండ్రుల తరఫున నిలబడింది. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. అయినా "మీ ఆయన్ని పంపకపోయావా అమ్మాయ్?" అన్నవాళ్లే ఎక్కువ!

ప్రచారమేం లేదు. బడి గేటు దగ్గర తల్లులతో ఒకటే మాట: "ఆడపిల్లల బాత్‌రూమ్‌కి గడియ లేదు, కుళాయిలో నీళ్లు రావు." గెలిచింది.

సాయంత్రానికి కండువా పట్టుకుని ఒక పార్టీవాళ్లు దిగారు. (ఈ ఎన్నికలకి పార్టీలేంటో!) "ఇది కప్పుకుంటే గడియ మీరు బిగిస్తారా అన్నా?" అని అడిగింది. టీ తాగి వెళ్లిపోయారు.

ఛైర్మన్ పదవి మాత్రం ఇంకొకాయనకి పోయింది. గడియ పడింది. నీళ్ల కోసం ఇంకా తిరుగుతోంది.