చెయ్యి చేసుకున్నాడా?

బిక్రమ్ చంద్ర కత్తిపోటుతో చనిపోయినప్పుడు మాలో ఇద్దరికి అతని మీదే జాలి కలిగింది. "అయ్యో, బంగారం లాంటి మనిషి. బిడ్డను ఎంత మంచిగ చూసుకునేటోడు" అంది ఏఎన్ఎం అక్క. మా అందరిలో చిన్నదైన టీచరమ్మకైతే పెళ్ళాం మీద కోపమే వచ్చింది. పెద్ద ఇల్లు, పేరున్న వకీలు మొగుడు, చక్కటి బిడ్డ. ఇన్ని ఉండి కత్తెందుకు పట్టింది అని. వంటక్క మాత్రం ఏమీ అనలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తూనే ఉంది.

మేము చూసింది 'క్రిమినల్ జస్టిస్: బిహైండ్ క్లోజ్డ్ డోర్స్' అనే హిందీ సీరియల్. 2020 డిసెంబరు చివర్లో హాట్‌స్టార్‌లో వచ్చింది. ఎనిమిది భాగాలు. కరోనా వల్ల ఆశ్రమ పాఠశాలలు మూసి ఉన్న కాలమది. పిల్లలు గూడేల్లో ఉంటే మేము వర్క్‌షీట్లు పట్టుకొని వాళ్ళ వెనక తిరిగేవాళ్ళం. పొద్దంతా తిరిగి వచ్చాక క్వార్టర్లలో చేసే పని ఉండేది కాదు. మా దగ్గర సిగ్నల్ అంతంత మాత్రమే. చిన్న టీచరమ్మ ఉట్నూరు పోయినప్పుడల్లా ఫోన్లో రెండు మూడు భాగాలు దింపుకొని వచ్చేది. ఆ ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి పెట్టి ఐదుగురం చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆదిలాబాద్ వైపు వాళ్ళం కాబట్టి హిందీ మాకు కొత్త కాదు. అంగడిలో విన్నదీ, మహారాష్ట్ర చుట్టాల దగ్గర నేర్చిందీ సరిపోయింది. వకీళ్ళ మాటలు తెలియకపోతే ఒకరికొకరం గోండిలో చెప్పుకున్నాం.

కథ పెద్దదేమీ కాదు. ముంబైలో పెద్ద వకీలు బిక్రమ్ చంద్ర. ఒక రాత్రి అతని భార్య అనూ అతన్ని కత్తితో పొడుస్తుంది. తానే పొడిచానని ఒప్పుకుంటుంది. ఎందుకు అంటే మాత్రం నోరు విప్పదు. కడుపుతో జైలుకు పోతుంది. మాధవ్ మిశ్రా అనే చిన్న వకీలు పెళ్ళయిన రాత్రే కొత్త పెళ్ళికూతుర్ని వదిలేసి ఈ కేసు కోసం పరుగెత్తుకొస్తాడు. అక్కడ అందరం నవ్వాం. ఆ నవ్వు కూడా లేకపోతే ఎనిమిది భాగాలు చూడటం మా వల్ల అయ్యేది కాదు. సర్కారు వైపు వాదించే వకీలుగా ఆశిష్ విద్యార్థి కనబడగానే ఏఎన్ఎం అక్క "వీడా! 'పోకిరి'లో ఎస్సైగాడు గదా, ఇంక ఆమె పని అయిపోయింది" అనేసింది. ఈ కథ నిజానికి మన దేశంలో పుట్టింది కూడా కాదు. 2009లో ఇంగ్లండులో బీబీసీలో వచ్చిన దాన్ని ఇక్కడి మనుషులకు మార్చి తీశారు.

మూడు నాలుగు భాగాలు గడిచేసరికి మా జాలి మెల్లగా జాగా మార్చుకుంది. బిక్రమ్ అరవడు. తాగడు. పదిమందిలో భార్యను చిన్నబుచ్చడు. మెత్తగా మాట్లాడతాడు. కానీ ఆమె ఎవరితో మాట్లాడింది, ఎక్కడికి పోయింది, అన్నీ అతనికి తెలియాల్సిందే. ఆమెకే ఏదో జబ్బు ఉందని ఆమె చేతే నమ్మిస్తాడు. ఇదంతా చూస్తుంటే భయం వేసింది గానీ దాన్ని ఏమనాలో మాకు తెలియలేదు. కొట్టడానికి మా దగ్గర చాలా మాటలున్నాయి. కట్టెతో కొడితే ఒక మాట, తాగి కొడితే ఒక మాట, అందరి ముందర కొడితే ఒక మాట. కొట్టకుండా మనిషిని అట్లా చెయ్యడానికి గోండిలో గానీ తెలుగులో గానీ మా ఐదుగురికీ ఒక్క మాట దొరకలేదు.

పడకగదిలో ఆమెకు ఇష్టం లేకపోయినా అతను ఏం చేసేవాడో బయటపడే భాగం వచ్చింది. చిన్న టీచరమ్మ లేచి నీళ్ళు తాగొస్తానని బయటికి పోయింది, చాలాసేపు రాలేదు. ఏఎన్ఎం అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వంటక్క మొదటిసారి మాట్లాడింది.

"చెప్పలే చెప్పలే అని అందరు అంటున్నరు. గీ మాట ఎవలకు చెప్తది? ఎవలన్న అడిగిన్రా?"

మేము రోజూ చూసే తెలుగు సీరియళ్ళలో కూడా ఏడుస్తాం. అక్కడ కోడలు అన్నీ భరిస్తుంది, భరించినందుకు మనకు కన్నీళ్ళొస్తాయి, చివరికి మొగుడు మారతాడు. ఆ ఏడుపు తీపిగా ఉంటుంది, ముఖం కడుక్కుంటే పోతుంది. అనూ కథకు వచ్చిన ఏడుపు అట్లాంటిది కాదు. ఆ రాత్రి ఎవరి ఇంటికి వాళ్ళం పోయి ఎవరికి వాళ్ళం కొందరిని తలుచుకున్నాం. ఎవరిని అనేది ఇక్కడ రాయడం లేదు.

మరునాడు బడిలో మగ సార్ల దగ్గర ఈ ముచ్చట తీశాం. ఒక సార్ కొట్టిపారేశాడు. "ఇవన్నీ పైసలున్న పట్నపోళ్ళ కథలు మేడం. మన ఆదివాసులల్ల ఆడదానికి ఉన్నంత గౌరవం ఎక్కడుంది?" అన్నాడు. ఇంకొక సార్ ఏమీ అనకుండా ఫైలు అడిగి తీసుకున్నాడు. నాలుగు రోజులకు తిరిగి ఇస్తూ మూడో భాగం దగ్గర ఆపేశానన్నాడు. ఎందుకు సార్ అంటే, "అతను మాట్లాడే తీరు అచ్చం మా బావదే" అన్నాడు. ఆ తర్వాత వేరే సంగతి మాట్లాడాడు.

మొదటి సార్ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. మనలో వరకట్నం కాదు, ఓలి ఉంది. మొగుడు సచ్చిన ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు. పొసగకపోతే పెద్దల్లో కూర్చుని విడిపోవచ్చు. సభల్లో ఈ మాటలు మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే గర్వం ఒక్కోసారి తలుపుకు గొళ్ళెం పెట్టినట్టు పనిచేస్తుంది. మనలో అట్లాంటివి లేవు అని ముందే అనుకుంటే, ఉన్న మనిషి వచ్చి ఎవరితో చెప్పుకోవాలి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న అడిగారు: ఫలానా ఫలానా కారణాలకు భర్త భార్యను కొట్టడం సబబేనా అని. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 84 శాతం ఆడవాళ్ళు కనీసం ఒక కారణానికి సబబే అన్నారు. ఆ 84 మందిలో మనవాళ్ళు లేరని ఎట్లా అంటాం? కళ్ళకు కనబడే దెబ్బే సబబైన చోట కనబడని దాన్ని ఎవరు లెక్క చేస్తారు?

వంటక్క ఆ రాత్రి అట్లా అనడానికి కారణం తర్వాత తెలిసింది. ఆమె అక్క కూతురు, మా దగ్గర చదువుకున్న పిల్లే, పెళ్ళయిన రెండేళ్ళకు పుట్టింటికి వచ్చేసింది. మొగుడు ఉద్యోగస్తుడు. పంచాయితీ పెట్టారు. పెద్దలు అడిగినవి నాలుగే ప్రశ్నలు.

"చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"లేదు."

"ఇంకొకదాన్ని పెట్టుకున్నాడా?"

"లేదు."

"తిండి బట్ట చూస్తలేడా?"

"చూస్తడు."

మరి నీకింకేం కావాలె బిడ్డా అన్నారు. ఆ పిల్ల నేల చూసింది. పిల్లదే తప్పని తేల్చి పంపేశారు. పెద్దలు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకు తెలిసిన ప్రశ్నలు అవే. ఆ ప్రశ్నలన్నిటికీ బిక్రమ్ చంద్ర కూడా నిర్దోషిగా నిలబడతాడు. పైగా కూర్చున్నవాళ్ళంతా మగవాళ్ళు, అందులో ఒకరు వరసకు మామ అవుతాడు. ఆ పిల్ల నోరు ఎట్లా తెరుస్తుంది?

చదువుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చట్టం సంగతి కొంత తెలియాలి. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు దానంతట అది వర్తించదు. 1955లో ఆ చట్టం చేసినప్పుడే అట్లా రాశారు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. మన పెళ్ళిళ్ళు, విడిపోవడాలు మన ఆచారం ప్రకారమే నడుస్తాయి. ఇది విని కొందరు, అయితే గృహహింస చట్టం కూడా మనకు రాదనుకుంటారు. అది తప్పు. 2005లో చేసి 2006 అక్టోబరు నుంచి అమలైన ఆ చట్టం ఆడవాళ్ళందరిదీ. పెళ్ళి రిజిస్టరు కాకపోయినా, లేచిపోయి పెళ్ళిలాగే కలిసి బతుకుతున్నా అది అండగా నిలుస్తుంది. కొట్టడం ఒక్కటే హింస అని అందులో లేదు. ఇష్టం లేకుండా శరీరాన్ని అవమానించడం, మాటలతో మనసును చంపడం, పైసలు చేతికి రానియ్యకపోవడం, అన్నీ హింస కిందే రాశారు. రక్షణ అధికారి దగ్గరికి గానీ, నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి గానీ పోవచ్చు. ఎటు పోవాలో తెలియకపోతే 181కి ఫోన్ చెయ్యాలి, జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంటుంది.

కానీ అనూకు జరిగిందాన్ని మన నేర చట్టం ఇప్పటికీ అత్యాచారం అనడం లేదు. భార్యకు 18 ఏళ్ళు నిండితే భర్త చేసింది ఆ నేరం కిందికి రాదు. 18 లోపైతే నేరమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న వయసులో పెళ్ళిళ్ళు చేసే మన గూడేల్లో ఈ మాట గట్టిగా చెప్పాలి. 2022లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు ఈ మినహాయింపు మీద చెరొక తీర్పు ఇచ్చారు. 2024 జూలైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ మినహాయింపు అట్లాగే ఉంది. చదివిన జడ్జీలకే కుదరని ఏకాభిప్రాయం మా స్టీలు డబ్బా ముందు ఎనిమిదో భాగానికి కుదిరింది. ఆ మాట చెప్పుకొని కొంచెం నవ్వుకున్నాం.

టీచర్లుగా మమ్మల్ని ఎక్కువ పట్టుకున్నది మాత్రం ఆ బిడ్డ, రియా. నాన్న అంటే ప్రాణం. అమ్మ చేతిలో నాన్న పోయాడు. ఆ పిల్ల ఎవరి వైపు ఉండాలి? టీటీసీలో బాలల మనస్తత్వం పేపరు రాసి పాసయ్యాం గానీ ఇట్లాంటి ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు. దండారికి సెలవులిస్తే పిల్లలంతా పెట్టెలు సర్దుకొని పొద్దున్నుంచీ గేటు దగ్గర నిలబడతారు. ఒకరిద్దరు మాత్రం వంటగది చుట్టూ తిరుగుతూ ఉంటారు. హాస్టల్లో పనిచేసిన ఎవరికైనా ఇది తెలుసు. వాళ్ళను "మీ నాయిన కొడతాడా" అని అడిగితే లేదనే అంటారు. ఆ ప్రశ్నలోనే నాన్న మీద నేరం ఉంది కదా, ఏ బిడ్డ ఒప్పుకుంటుంది? ఇప్పుడు మేము "రాత్రిపూట మీ ఇంట్లో ఎట్లుంటది?" అని అడుగుతున్నాం. జవాబు వెంటనే రాదు. ఒక పిల్ల రెండు వారాల తర్వాత, పళ్ళెం కడుగుతూ చెప్పింది.

నాగోబా జాతర ముందర వంటక్క అక్క కూతురు మళ్ళీ వచ్చేసింది. మళ్ళీ పంచాయితీ అన్నారు. ఈసారి వంటక్క ఒక మాట పెట్టింది: పెద్దల ముందు కూర్చునే ముందు పిల్లతో ఆడవాళ్ళు ముగ్గురు విడిగా మాట్లాడతారు, ఆ తర్వాతే పంచాయితీ. గూడెం పట్లాకు ఇది నచ్చలేదు. ఆచారంలో లేదన్నాడు. "ఆచారంల వద్దని కూడ లేదు గదా దాదా" అంది వంటక్క. పట్లా కాసేపు ఆలోచించి సరే అన్నాడు. వంటక్క, పిల్ల మేనత్త, మా టీచర్లలో ఒకరు, మొత్తం ముగ్గురం లోపల కూర్చున్నాం. గంట పట్టింది. బయటికి వచ్చి వంటక్క చెప్పింది: "పిల్ల చెప్పింది. మేం విన్నం. పంపం."

"ఏం చెప్పిందో చెప్పాలె గదా" అన్నారొకరు.

"అది ఇక్కడ చెప్పే మాట కాదు. విన్నం అంటున్నం గదా."

గుసగుసలు లేచాయి. అప్పుడు అందరికంటే పెద్దాయన బీడీ ఆర్పేసి, "ఆడోళ్ళు ముగ్గురు విన్నరు. ఇంక మనం అడిగేదేముంది" అన్నాడు. విడిపోవడానికి ఒప్పుకున్నారు. మొగుడి తరఫువాళ్ళు ఓలి సొమ్ము వాపసు అడిగారు, సగం ఇచ్చారు. అది న్యాయమని మేము అనుకోవడం లేదు. కానీ పిల్ల బయటపడింది, ఇప్పుడు మిషను కుడుతోంది.

ఆ తర్వాత రెండు పంచాయితీల్లో అడగకుండానే ఆడవాళ్ళను ముందు కూర్చోబెట్టారు. మూడోదానికి మమ్మల్ని పిలవలేదు. చిన్న తగువే, తీరిపోయిందన్నారు. ఆ అమ్మాయి పోయిన వారం అంగడిలో కనబడింది, పలకరిస్తే తలకాయ ఊపి పోయింది. ఈ ఆదివారం వంటక్కా మేమూ వాళ్ళింటికి పోతున్నాం.