అప్రూవ్ నొక్కే ముందు

ఊరి పేరుతో గ్రూపు పెట్టినవాడికి ఊరు తెలిసి ఉండాలి. నాకు తెలుసనే అనుకున్నాను. చీరాలలో ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే షాపు మాది. ఎవరు కొత్త కొట్టు తెరుస్తున్నారో, ఏ హోటల్ చేతులు మారిందో, ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో ముందుగా మాకే తెలుస్తుంది. కొట్టు పేరు తెలియడం వేరు, ఆ కొట్టు ఎలా నడుస్తుందో తెలియడం వేరు అని నేను గ్రహించేలోపు ఇద్దరి బతుకుతెరువు నా వల్ల దెబ్బతిన్నది. వాళ్ళ పేర్లు రాయను. నేను చేసింది మాత్రం దాచకుండా రాస్తాను. ఇవాళ ప్రతి ఊళ్ళో, ప్రతి కాలనీలో ఇలాంటి గ్రూపులున్నాయి. వాటిని నడిపేవాళ్ళు చాలామంది మంచి చెయ్యాలనే మొదలుపెట్టి ఉంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక కూరగాయల బండి ఏ వీధికి వస్తుందో, ఏ మందుల షాపు తెరిచి ఉందో ఎవరికీ అంతుపట్టేది కాదు. మా వీధివాళ్ళ కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికి మించి చేర్చుకునే వీలు లేదు. అది నిండింది, ఇంకోటి పెట్టాను, అదీ నిండింది. అందరూ ఒకేచోట ఉంటే బాగుంటుందని చివరికి ఫేస్‌బుక్‌లో ఊరి గ్రూపు తెరిచాను.

ఆ వేసవిలో అది నిజంగా అక్కరకొచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయి పనిలేకుండా కూర్చున్న టైలర్లు మాస్కులు కుట్టి అమ్ముకున్నారు. హోటళ్ళు మూతపడ్డాక ఇంట్లో టిఫిన్లు చేసేవాళ్ళకు వీధి దాటి బేరం దొరికింది. హైదరాబాదులో చిక్కుకుపోయిన ఒకబ్బాయి, మా ఊళ్ళోని పేరాలలో ఒంటరిగా ఉన్న వాళ్ళమ్మకు సరుకులు పంపే దారేదైనా ఉందా అని అడిగాడు. ఆ వీధి కిరాణా కొట్టాయన తనే ఫోన్ చేసి, చీటీ రాసుకుని, డబ్బు ఫోన్‌పేలో వేయించుకుని, సంచీ తీసుకెళ్ళి ఆమె గుమ్మంలో పెట్టొచ్చాడు. ఆ కొట్టూ, ఆ ఇల్లూ ఎన్నో ఏళ్ళుగా ఎదురెదురుగా ఉన్నవే. ఆమె నడవలేని రోజున, కొడుకు రాలేని రోజున, ఆ పాత పరిచయానికి మా గ్రూపు ఆసరా అయింది. ఇలాంటి గ్రూపు చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా గొప్పది లేదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ రోజుల్లో అది నాకు చిన్న పనిగా కనిపించింది.

సభ్యుల సంఖ్య మీద నా మనసు పడింది. పొద్దున లేవగానే ఎంతమంది కొత్తగా చేరారో చూసుకునేవాణ్ణి. ఏం పెడితే పెరుగుతారో కొద్ది రోజులకే తెలిసిపోయింది. వాడరేవు సముద్రం ఫోటో పెడితే లైకులు వరద. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం గురించి నాలుగు ముక్కలు రాస్తే, 1921లో మునిసిపాలిటీ పన్నులకు ఎదురు తిరిగి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్ళు వదిలి ఊరవతల రామనగర్‌లో నెలల తరబడి పందిళ్ళ కింద కాపురమున్న సంగతి రాస్తే, బెంగళూరు నుంచీ అమెరికా నుంచీ మన ఊరివాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. వాళ్ళు రావడంలో తప్పేమీ లేదు. పుట్టిన ఊరి మీద మమకారంతో వచ్చినవాళ్ళు. కాకపోతే వాళ్ళెవరూ పేరాల సందులో కిలో దోసెల పిండి కొనలేరు, ప్లంబరును పిలవలేరు.

ఫేస్‌బుక్ నడిచే తీరు కూడా ఇందులో కలిసింది. జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేసే పోస్టులకు ముందు చోటిస్తామని ఆ సంస్థ 2018 జనవరిలో ప్రకటించింది. వినడానికి ఎంతో బాగుంది. మరి ‘రేపు ఉదయం ఏడింటికి పిండి సిద్ధం’ అన్న పోస్టు కింద ఎవరు మాట్లాడుకుంటారు? కావాల్సినవాళ్ళు వెళ్ళి కొనుక్కుంటారు, అంతటితో సరి. అదే ఫలానా చోట బిర్యానీ బాగాలేదంటే నూరు కామెంట్లు. బేరం కుదిరిన పోస్టు అడుక్కి పోయేది, తగువు పుట్టించిన పోస్టు పైకొచ్చేది. అది కళ్ళెదుట జరుగుతున్నా, గ్రూపు ‘హుషారుగా’ ఉందనే సంతోషించాను.

మొదటి దెబ్బ నేతపనిలో తగిలింది. 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. 2021లో ఆ రోజున మనమూ ఏదైనా చెయ్యాలని, తెలిసిన ఒక నేత కార్మికుడి ఇంటికి వెళ్ళాను. మగ్గం మీద సగం నేసిన కుప్పడం చీర ఉంది. అంచు రంగు చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఫోటో తీసి, ‘దళారులు లేకుండా నేరుగా నేతన్న దగ్గరే కొనండి’ అని రాసి, ఆయన ఫోన్ నంబరు జతచేసి పెట్టాను. గ్రూపు పెట్టాక అంతగా షేర్ అయిన పోస్టు అదే.

మా ప్రాంతంలో మగ్గం నేసేవాళ్ళలో చాలామందిది మజూరీ పని. నూలు, పట్టు, జరీ మాస్టర్ వీవర్ ఇస్తాడు. డిజైనూ ఆయనదే. చీర నేసి అప్పగిస్తే మజూరీ ముడుతుంది. ఇంట్లో పెళ్ళికో, జబ్బుకో తీసుకున్న అడ్వాన్సు అందులోనే మినహాయించుకుంటూ పోతారు. అంటే ఆ మగ్గం మీదున్న చీర ఆయనది కాదు, అమ్మే అధికారం ఆయనకు లేదు. ఇంత చిన్న సంగతి, పుట్టినప్పటి నుంచీ మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన నేను అడిగి తెలుసుకోలేదు. సాయంత్రానికల్లా ఆయన ఫోన్ ఎక్కడెక్కడివాళ్ళో చేసిన ఫోన్లతో మోగిపోయింది. ఆ వెనకే మాస్టర్ వీవర్ మనిషి వచ్చి నిలదీశాడు. కొత్త డిజైన్ ఫోటో బయటికి పోతే పవర్‌లూమ్ మీద చవకగా దించేసేవాళ్ళు కాచుకుని ఉంటారు. చీర బజారుకు రాకముందే నకలు వచ్చేస్తుంది. ఆయన కోపంలో న్యాయముంది. ఆ చీర దిగాక మా నేతాయనకు చాలాకాలం కొత్త పడుగు ఇవ్వలేదు.

నేను వెళ్ళి కాళ్ళావేళ్ళా పడినంత పని చేశాను. ఆయన నన్నేమీ అనలేదు. “ఫోటో అడిగావు, తీసుకోమన్నాను అబ్బాయ్. అమ్ముతానని ఎప్పుడన్నాను?” అని మాత్రం అడిగారు.

పోస్టు తీసేశాను. మాస్టర్ వీవర్‌ను కలిసి తప్పు నాదని ఒప్పుకున్నాను. కానీ అందులోంచి నేను తీసుకున్న పాఠం చాలా ఇరుకైనది. మగ్గాల ఫోటోలు పెట్టకూడదు, అంతే అనుకున్నాను. ఎవరి బతుకు గురించి పోస్టు పెడుతున్నామో ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడాలన్నది నాకు తట్టలేదు. అది తట్టి ఉంటే తర్వాతది జరిగేది కాదు.

ఈలోగా గ్రూపులో ప్రకటనలకు డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాను. పెద్ద మొత్తాలేమీ కావు. ఇచ్చినవాళ్ళ పోస్టు పైన నిలబెట్టేవాణ్ణి. వాళ్ళే ఫ్లెక్సీలు, కరపత్రాలు మా షాపులో వేయించుకునేవాళ్ళు. డబ్బిచ్చిన వ్యాపారి మీద ఫిర్యాదు వస్తే, ముందు ఆయనకు ఫోన్ చేసి విషయం కనుక్కునేవాణ్ణి. ఇవ్వనివాళ్ళ మీద వస్తే ఫోన్ చేసేవాణ్ణి కాదు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది.

పేరాలలో ఒకామె ఇంట్లో గ్రైండర్ పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్మేది. మేమంతా పిన్ని అంటాం. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ పిండితోనే చదివించింది. 2020లో మా గ్రూపు వల్ల ఆమె వ్యాపారం పెరిగింది. ఆ ధైర్యంతోనే అప్పు చేసి పెద్ద గ్రైండరు, ఫ్రిజ్ కొంది. 2022 మే నెలలో ఒక సభ్యుడు ఫోటో పంపాడు. ఉబ్బి, మూతి దగ్గర పగిలి, నురగ కారుతున్న పిండి కవరు. ‘పాడైపోయిన పిండి అమ్ముతున్నారు, మన పిల్లల ఆరోగ్యం జాగ్రత్త’ అని కింద రాశాడు. ఆమె ఇంటి గుర్తులు కూడా రాశాడు. ఫేస్‌బుక్ గ్రూపులో ఏ పోస్టయినా ముందు అడ్మిన్ దగ్గరికే వచ్చేలా నేనే ఏర్పాటు చేశాను. అది నా ఫోన్‌కి వచ్చింది. షాపులో బేరంలో ఉన్నాను. ఫోటో చూశాను, అప్రూవ్ నొక్కాను. ఆమె ఇల్లు మా షాపు నుంచి నడిచి వెళ్ళేంత దూరమే.

ఇడ్లీ పిండి సంగతి వండేవాళ్ళకు తెలుసు. మినప్పప్పు, బియ్యం రుబ్బిన పిండిలో సహజంగా ఉండే బాక్టీరియా అందులోని చక్కెరలను తింటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండి పొంగేది, పులిసేది అందుకే. చలికాలంలో రాత్రంతా పట్టే పని మే నెల ఎండలో కొద్ది గంటల్లో అయిపోతుంది. మూతి కట్టిన కవరులో ఆ గాలికి పోయే దారుండదు. కవరు ఉబ్బుతుంది, పగులుతుంది. ఆ పిండి పులిసింది, పాడవలేదు. ఆ సభ్యుడు పొద్దున కొన్న పిండిని స్కూటర్ డిక్కీలో పెట్టి, సాయంత్రం దాకా ఎండలో బండి నిలిపి, ఇంటికెళ్ళాక తీశాడు. ఈ విషయం ఆయనే తర్వాత చెప్పాడు. ఆయన అబద్ధమాడలేదు. తనకు తెలియంది రాశాడు. నేను ఒక్క ఫోన్ చేసి ‘ఎప్పుడు కొన్నారండీ, ఎక్కడ ఉంచారు?’ అని అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది.

మర్నాడు పొద్దున పిన్ని రుబ్బిన పిండి రుబ్బినట్టే ఉండిపోయింది. రోజూ తీసుకెళ్ళే రెండు హాస్టళ్ళవాళ్ళు వద్దన్నారు. నేను పరుగున వెళ్ళేసరికి ఆమె కవర్లన్నీ ఫ్రిజ్‌లోకి సర్దుతోంది. “నీకు తెలుసు గదా నేను ఎట్టా చేస్తానో. ఒక్కసారి వచ్చి అడగాల్సింది గదా నాయనా” అంది. నా దగ్గర సమాధానం లేదు.

పోస్టు తీసేశాను. జరిగింది వివరంగా రాసి, తప్పు నాదని రాసి, కొత్త పోస్టు పెట్టాను. దాన్ని చూసినవాళ్ళు మొదటి పోస్టు చూసినవాళ్ళలో పిసరంత. అందులో తగువు లేదు కాబట్టి కామెంట్లు లేవు, కామెంట్లు లేవు కాబట్టి ఎవరికీ కనపడలేదు. మొదటి పోస్టు స్క్రీన్‌షాట్ మాత్రం అప్పటికే వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతోంది. మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా 2018లోనే వాట్సాప్ హద్దు పెట్టింది. కానీ ఎవరికి వాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి కొత్తగా పంపుకుంటే ఆ హద్దు ఏం చేస్తుంది? నేను అడ్మిన్‌గా ఉన్న గ్రూపుల్లో కూడా దాన్ని తుడిచేయలేకపోయాను. ఇతరుల మెసేజ్‌ను అడ్మిన్ తొలగించే వీలు ఆ వేసవికి మాకింకా రాలేదు.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. హాస్టల్ వార్డెన్లను కలిశాను. కొందరు విన్నారు. కొందరు ‘నిప్పు లేనిదే పొగ రాదు గదా’ అన్నారు. ఆ నిప్పు పెట్టింది నేనే అని చెప్పినా మొహమాటంగా తలూపి తలుపేసుకున్నారు. పిన్ని పెద్ద గ్రైండరు అమ్మేసింది.

ఇప్పుడు గ్రూపు వేరుగా నడుస్తోంది. ప్రకటనలకు డబ్బు తీసుకోవడం మానేశాను. అడ్మిన్‌గా నాతోపాటు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకామె కూరల కొట్టు నడుపుతుంది. కొట్టు నడిపేవాళ్ళ మాట అడ్మిన్ల మధ్య వినపడాలన్నది నా పట్టుదల. ఫిర్యాదు ఎవరి మీద వచ్చినా ముందు ఆ వ్యాపారికే పంపుతాం. మాలో ఒకరు స్వయంగా వెళ్ళి చూస్తారు. నూటికి తొంభై అక్కడే సర్దుబాటవుతాయి. కాటా మోసం, కల్తీ లాంటివి నిజమని తేలితే తూనికలు కొలతల శాఖకో, ఫుడ్ సేఫ్టీ అధికారులకో ఎలా ఫిర్యాదు చెయ్యాలో చెబుతాం. గ్రూపులో తీర్పులివ్వడం పూర్తిగా మానేశాం. దీనికి టైం పడుతుంది, కొందరికి విసుగు. ‘మీరు వ్యాపారులకు అమ్ముడుపోయారు’ అని తిట్టి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజముంది కాబట్టి నేను గట్టిగా జవాబు చెప్పలేను.

ఊరంతటికీ ఒకటే పెద్ద గ్రూపన్న ఆలోచన వదిలేశాం. 2022 చివర్లో వాట్సాప్ కమ్యూనిటీలు తెచ్చాక వీధి వీధికీ చిన్న గ్రూపులు పెట్టి వాటిని ఒక గొడుగు కిందికి చేర్చాం. ముఖాలు తెలిసిన గ్రూపులో మాట ఒళ్ళు దగ్గర పెట్టుకుని వస్తుంది. రేపు పొద్దున అదే కొట్టుకు పాలకు వెళ్ళాలి గదా. దూరాన ఉన్న మన ఊరివాళ్ళకు వేరే గ్రూపుంది. తల్లిదండ్రులకు మందులో, సరుకులో కావాలంటే అందులో అడుగుతారు, ఆ వీధి గ్రూపులో ఎవరో ఒకరు అందుకుంటారు.

ఫోన్లు వాడలేని పెద్దవాళ్ళ కోసం ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, టైలర్లు, టిఫిన్లు చేసేవాళ్ళ నంబర్లు ఒక కాగితం మీద అచ్చువేసి ఇంటింటికీ ఇస్తున్నాం. నంబరు వెయ్యడానికి ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాం. నేతాయన వద్దన్నారు, ఆయనకు మళ్ళీ పడుగు దొరికింది, అది చాలన్నారు. పిన్నినీ అడిగాను. “నా గుమ్మం తెలిసినవాళ్ళు వస్తున్నారులే నాయనా, వాళ్ళు చాలు” అంది. ఆమె వద్దన్నాక వెయ్యడానికి నాకు హక్కు లేదు. ఆ వీధిలోకి ఎవరైనా కొత్తగా అద్దెకు దిగి పిండి ఎక్కడ దొరుకుతుందని అడిగితే మాత్రం, మా షాపులో ఎంత పనున్నా, కూడా వెళ్ళి ఇల్లు చూపించి వస్తున్నాను.