నీడ సోకితే

మా అబ్బకు గడియారం లేదు. మాదిగగేరిలో ఎవరికుంది? పిల్లలకోడి ఎంత పైకొచ్చిందో చూసి పొద్దు చెప్పేవాడు. వేగుచుక్క పొడిచేసరికి రెడ్డి దొడ్లో ఉండాల, జీతగాడు గదా! కర్నూలు సీమలో వానకే కరువు, చుక్కలు మాత్రం దండి.

ఆ చుక్కల చుట్టూ తిరిగే గ్రహాలు మామూలుగా కంటికి ఆనవు. గ్రహం తన చుక్కకు అడ్డమొస్తే వెలుగు రవ్వంత తగ్గుతుంది. సూర్యుడంత చుక్కకు గురుడంత గ్రహం అడ్డమొచ్చినా తగ్గేది నూటికి ఒక పాలు. దాని నీడ మనదాకా వచ్చినట్టే. 2010లో ప్లానెట్ హంటర్స్ వాళ్లు కెప్లర్ టెలిస్కోపు కొలిచిన వెలుగు గీతలను అందరి ముందర పరిచినారు. కులం సంగతి దేవుడెరుగు, డిగ్రీ గూడా అడగలేదు. కియాన్ జెక్, రాబర్ట్ గాగ్లియానో అనే ఇద్దరు ఔత్సాహికులు పట్టిన గ్రహం సంగతి 2012లో లోకానికి తెలిసింది. దాని ఆకాశంలో నాలుగు సూర్యుళ్లు.

మా నీడ పడితే ఊరి బావి మైలన్నారు. ఎవరన్నా చేది పోస్తారని మా అమ్మ కడవతో ఎండలో నిలబడేది. వీళ్లేమో నీడ కోసరం రాత్రులు మేల్కొంటారు, పడితే ఒక లోకం దొరికిందని ఎగురుతారు!

2016లో రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కార్ల్ సేగన్ మాదిరి సైన్సు రచయిత కావాలనుకున్నానని రాసిపోయినాడు.

ఇప్పుడు మా గేరి పిల్లోళ్లకు ఆ గీతలు చదవడం చెప్తున్నా. కంప్యూటరు ఒకటే. వంతులకు కొట్లాడుకుంటున్నారు.