తాళం ఒకటే, తాళంచెవులు రెండు

గోప్యత అనగానే లినక్సు వాడేవారిలో చాలామందికి మొదట టోర్ గుర్తుకొస్తుంది. అది మన రాకపోకలను మూడు మజిలీల గుండా తిప్పి, మనమెక్కడినుంచి వచ్చామో అవతలివారికి తెలియనీయదు. మంచిదే. కాని నావంటి గృహస్థుకు అంతకన్న ముందు కావలసినది, ప్రయాణంలో ల్యాప్‌టాప్ పోతే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం. ఇంటి లెక్కలు, ఫొటోలు, ఉత్తరాలు అన్నీ నా డెబియన్‌లోనే ఉన్నాయి మరి.

లాగిన్ సంకేతపదం ఇందుకు చాలదు. డిస్కును ఊడదీసి మరో యంత్రానికి తగిలిస్తే అంతా చదువుకోవచ్చు. కనుక డిస్కునే గూఢలిపిలో ఉంచాలి. లినక్సులో ఆ పనికి వాడేది లక్స్. 2004లో క్లెమెన్స్ ఫ్రూవిర్త్ రూపొందించినది.

దాని ఏర్పాటు ముచ్చటగా ఉంటుంది. మనమిచ్చే సంకేతవాక్యంతో డిస్కు నేరుగా తెరుచుకోదు. అసలు తాళంచెవిని యంత్రమే యాదృచ్ఛికంగా పుట్టించి, డిస్కు మొదటి భాగంలో అరలు చేసి దాస్తుంది. ఒక్కో అరకు ఒక్కో సంకేతవాక్యం. పాత లక్స్‌లో 8 అరలు, రెండో లక్స్‌లో 32 వరకు. ఎవరు ఏ అర తెరిచినా చేతికొచ్చేది ఆ ఒక్క చెవే. ఆ మొదటి భాగం చెడితే మాత్రం వాక్యం కంఠస్థమై ఉన్నా ప్రయోజనం లేదు. దాని నకలు వేరేచోట దాచుకోవాలి. అన్నట్టు, మూత వేసి నిద్రపుచ్చిన యంత్రానికి తాళం పడినట్టు కాదు. పూర్తిగా ఆపాలి.

సంకేతవాక్యమనగానే మనవాళ్ళ చేయి శతకపద్యాల మీదికి పోతుంది. వద్దు. అచ్చయినదేదైనా ఊహకు అందుతుంది. 1995లో ఆర్నల్డ్ రైన్‌హోల్డ్ చెప్పిన పాచికల పద్ధతి మేలు: ఐదు పాచికలు, 7,776 మాటల జాబితా, అందులోంచి పాచిక చెప్పిన ఆరు మాటలు. నిఘంటువు ముందేసుకుని ఆ జాబితాను తెలుగులో తయారుచేసుకున్నాను (ఎన్నాళ్ళు పట్టిందో అడగవద్దు!). యంత్రం తెరిచేవేళ తెలుగు కీబోర్డు అందదు గనుక మాటలను ఆంగ్లాక్షరాల్లో కొట్టాలి. నేను దీర్ఘానికి పెద్దక్షరం వేస్తాను. మా ఆవిడ చిన్నక్షరాన్నే రెండుసార్లు కొడుతుంది. "మీ దీర్ఘాలు నాకు గుర్తుండవండీ, నా మాటలు నేను పెట్టుకుంటాను" అంది. రెండో అర ఆమెది.

అయితే లక్స్‌లో పెద్ద చెవి, చిన్న చెవి అని తేడా లేదు. అర దక్కినవారికి అంతా దక్కినట్టే. నా డిస్కులో మా మేనత్తకు నాన్నగారు రాసిన ఉత్తరాల ప్రతులున్నాయి. అత్తవారింట ఇమడలేక ఆవిడ పుట్టింటికి తిరిగివచ్చిన రోజులవి. కాగితాలు చెదలు తినేశాయి, మిగిలినవి ఈ ప్రతులే. "నేనున్నంతకాలం ఎవరికీ చూపించకురా" అని నా చేత మాట తీసుకుంది.

వాటిని విడిగా మరో లక్స్ పెట్టెలో పెట్టాను. దానికి నిండిన అర ఒక్కటే, నాది. మా ఆవిడకు ఆ పెట్టె ఉందని తెలుసు, ఏముందని అడగలేదు. ఆవిడకన్న నేనే ముందు వెళ్ళిపోతే ఆ ఉత్తరాలూ నాతోనే పోతాయి. మేనత్తకు ఎనభై నాలుగు, నాకూ డెబ్బై దగ్గరపడుతోంది. మొన్న ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాను. పైన ఎవరి పేరు రాయాలో ఆవిడే చెప్పాలి. సంక్రాంతికి ఊరు వెళుతున్నాను.