ముక్క తీసిన్రు సరే, తర్వాత ఏం చెప్పిన్రు?

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. ముఖ్యంగా మనలో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్, ఎంబీబీఎస్ చదివే అక్కలు, అన్నలు.

నేను మెడికల్ స్టూడెంట్‌ని కాదు. కాచిగూడ హాస్టల్లో ఉండి డిగ్రీ సెకండియర్ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. అందుకే దేవరకొండ వైపు మా తండాలో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ఫొటో నా వాట్సాప్‌కే వస్తది. ఎంజీబీఎస్‌లో బస్సు దిగినోళ్ళని రెడ్‌హిల్స్‌ల ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి తోలుకపోయేది కూడా నేనే. ఇప్పటికి నలుగురితో పోయిన.

2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్ళు దాటినోళ్ళకి ఐదేళ్ళకొకసారి నోరు చూడాలె. ఆడవాళ్ళకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా. పెద్ద మిషన్లేం అక్కర్లేదు. నోటికి టార్చిలైటు చాలు. గర్భాశయ ముఖద్వారానికి పలుచటి ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేదే) పూసి ఒక నిమిషం ఆగి చూస్తరు. తెల్లగా మారితే క్యాన్సర్ అని కాదు, ఇంకా పరీక్ష కావాలని అర్థం. ఆ దశలోనే చికిత్స చేస్తే క్యాన్సర్ దాకా పోకుండా ఆపొచ్చు. ఫలితం అక్కడికక్కడే తెలుస్తది. కూలి పోగొట్టుకొని రెండోసారి రాలేని మన ఆడవాళ్ళకి ఇది చాలా మంచి పద్ధతి.

చిక్కంతా మాటల దగ్గరుంది. ఆశా వర్కర్ ఫారంలో పొగ తాగుతరా, గుట్కా ఖైనీ తింటరా అని ఉంటది. మా పెద్దమ్మ "లేదు" అన్నది. అబద్ధం కాదు. ఆమె దవడకి పెట్టేది తంబాకు, సున్నం. దాన్నే ఖైనీ అంటరని ఆమెకెట్ల తెలుస్తది? శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు పెద్దవాళ్ళు చుట్టని నిప్పు నోట్లోకి పెట్టుకొని తాగుతరు, అడ్డపొగ అంటరు. దాంతో అంగిలికి క్యాన్సర్ వస్తది. వాళ్ళని సిగరెట్ తాగుతరా అని అడిగితే ఏమంటరు? "దవడకి ఏం పెట్టుకుంటవ్, నోరు మొత్తం తెరుచుకుంటదా, రెండు వారాలైనా మానని పుండు ఉందా" అని అడగాలె.

పెద్దమ్మకి దవడ లోపల తెల్లమచ్చ పుండైంది. ఒక ఆస్పత్రిలో ముక్క తీసి, ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి హైదరాబాద్ పొమ్మన్నరు. ఆమె ఆ కాగితాన్ని మూడు నెలలు బియ్యం డబ్బాలో దాచింది. ఎందుకని అడిగితే, "ముక్క తీసిన్రు కద బిడ్డా, రోగం పోయిందనుకున్న" అన్నది. చదువురాదు, అవగాహన లేదు అని మన మీదనే నెట్టేస్తరు గానీ, పరీక్షకి తీసిన ముక్క వైద్యం కాదని చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెప్పినంక "ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం చెయ్యాలె?" అని ఆమెతోనే చెప్పించుకుంటే అర్థమైందో లేదో తేలిపోతది.

ఇంకోచోట డాక్టర్ అన్నీ నాకే చెప్పి, పేషెంట్‌కి చెప్పకు అన్నడు. పక్కనే కూర్చున్న పెద్దమ్మ గోర్‌బోలిలో, నా గురించేనా అని అడిగింది. ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆమెనే అడగొచ్చు కదా! రొమ్ము పరీక్షప్పుడు కూడా అంతే. కాంచళి విప్పమనే ముందు ఎందుకో చెప్పాలె, పరదా ఉండాలె, ఆడ మనిషి ఉండాలె. పరదా లేదని వెనక్కి వచ్చిన మా అత్తలు ఉన్నరు.

నొప్పి సంగతి కూడా. నొప్పి తగ్గించే వైద్యం అంటే చేతులెత్తేసిన్రు అనుకుంటున్నరు మనోళ్ళు. అది మొదటి నుంచీ చికిత్సతో పాటే తీసుకోవచ్చు. ఎం.ఎన్.జె.లో దానికి వేరే విభాగమే ఉంది, అవసరమైతే మార్ఫిన్ మాత్రలు కూడా ఇస్తరు. వచ్చేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత కాగితాలన్నీ తెచ్చుకోమని చెప్పండి.

ఒక పని చేద్దాం. "ముక్క పరీక్షకే తీసినం, రోగం ఇంకా లోపల్నే ఉంది, ఫలానా రోజు రావాలె" అనే మాట గోర్‌బోలిలో నేను రాస్తున్న. కోయ, గోండి, కొలామి, సవర వచ్చినోళ్ళు మీ భాషలో రాసి, వాయిస్ కూడా పెట్టండి. మా సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం అక్క తన ఫోన్‌లో పెట్టుకుంటా అన్నది.