జాము గడియారం



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చి ఒకే హాస్టల్ గదిలో చదువుకున్న ముగ్గురం మేము. మా ఇళ్లలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం.

మా అమ్మలకు అంకెలు రావు. కూలి పనిలో మేస్త్రి చెప్పిందే టైము. "ఇంకా కాలే" అంటే నమ్మాల్సిందే. పక్కవాళ్లను అడగాలంటే నామోషీ. కానీ జాముల లెక్క వాళ్లకు బాగా తెలుసు. పగలూ రాత్రీ కలిపి 8 జాములు, జాముకు 3 గంటలు.

మేము కొన్న చిన్న ఎల్‌ఈడీ పలకలోనూ 8 వరుసలే, వరుసకు 8 దీపాలు. అందుకే అంకెలు లేని గడియారం చేశాం. ఒక్కో వరుస ఒక జాము, ఒక్కో దీపం ఇరవై రెండున్నర నిమిషాలు. పొద్దున 6 నుంచి గడిచిన నిమిషాలను 2తో హెచ్చించి 45తో భాగిస్తే, ఎన్ని దీపాలు వెలగాలో వస్తుంది. శేషం వదిలేయాలి. ఆర్డుయినో బోర్డులో రాసింది ఈ లెక్కే. కరెంటు పోయినా టైము తప్పకుండా బిళ్ల బ్యాటరీతో డీఎస్ 3231 చిప్పు పెట్టాం.

రెండు వరుసలు నిండితే మిట్టమధ్యాహ్నం, నాలుగు నిండితే సాయంత్రం 6. పవర్ బ్యాంకు తగిలించి సద్ది సంచిలో పెట్టి పంపాం. మొన్న మిర్యాలగూడ అమ్మ వడ్ల మిల్లులో దాన్ని చూపించి, "నాలుగు వరుసలు నిండినయి, పోతున్నం మేస్త్రీ" అన్నదట. వెంట ఇంకో నలుగురు ఆడవాళ్లు లేచారట.

అంకెలు నేర్పడం కూడా మొదలుపెట్టాం. అంతదాకా వాళ్లకు తెలిసిన లెక్కలోనే టైము చెప్పడం మా చదువు బాధ్యత. ఈ సెలవుల్లో మీరూ ఇంటికొకటి చేయండి.